ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు, ఏ పుస్తకాలు కొనాలి?

ప్రశ్న: మాది తెనాలి. ఇంట్లో అయిదుగురం. మా అత్తగారికి 74 ఏళ్లు, పుట్టింది రామచంద్రపురం దగ్గర పల్లెటూళ్లో. షుగర్ వల్ల చూపు తగ్గి, చిన్న అక్షరాలు చదవలేకపోతున్నారు. ఒకప్పుడు వారపత్రికల్లో సీరియళ్లు వదలకుండా చదివిన మనిషి. మావారు మెడికల్ రెప్. టార్గెట్ల టెన్షన్‌తో రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరి, ఫోన్ చూస్తూ నిద్రపోతారు. అబ్బాయికి ఇంజనీరింగ్ అయిపోయింది, 8 నెలలుగా ఉద్యోగం లేదు, గదిలోంచి బయటికి రాడు. పాప ఏడో తరగతి, ఇంగ్లిష్ నవలలు గబగబా చదివేస్తుంది, తెలుగు మాత్రం కూడబలుక్కుంటుంది. డాలస్‌లో ఉన్న తమ్ముడూ మరదలూ (ఆ అమ్మాయిది కరీంనగర్) తెలుగు పుస్తకాలు పంపమంటున్నారు. జనవరిలో విజయవాడ పుస్తకాల పండక్కి వెళ్తున్నాం. 3,000 రూపాయలు పక్కన పెట్టాను. అందరూ చదవగలిగే పేరున్న పుస్తకాలు నాలుగు చెప్పండి చాలు. పెళ్లికి ఎవరో ఇచ్చిన 'వేయిపడగలు' ఇరవై ఏళ్లకి పైగా బీరువాలోనే ఉంది, అలా కాకూడదని అడుగుతున్నాను. నాకంటూ ఏమీ అక్కర్లేదు. ఏప్రిల్‌లో అమ్మ పోయినప్పటి నుంచి రెండు పేజీలు దాటి చదవలేకపోతున్నాను. అమ్మ పెట్టెలో 'కాలాతీత వ్యక్తులు' దొరికింది, మధ్యలో బస్సు టికెట్ పెట్టి ఉంది. తెరవాలంటే భయంగా ఉంది. (ఒక పాఠకురాలు)

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇంట్లో అందరి సంగతీ వివరంగా రాసి, మీ సంగతి మాత్రం చివర్లో ముక్తసరిగా తేల్చేశారు. అందుకని నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. మిగతావాళ్ల సంగతి తర్వాత చూద్దాం.

నేను ఒక శాఖా గ్రంథాలయంలో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. "ఏదైనా మంచి పుస్తకం ఇవ్వండి మేడమ్" అనే మాట రోజుకి పదిసార్లు వినేదాన్ని. మొదట్లో నాకు తెలిసిన గొప్ప పుస్తకాలు తీసి ఇచ్చేదాన్ని. సగం పుస్తకాలు నాలుగో రోజుకే తిరిగొచ్చేవి, పదో పేజీ దగ్గర మడతతో. కొన్నేళ్లకి నా పొరపాటు తెలిసింది. బీరువా తెరిచే ముందు "ఎప్పుడు చదువుకుంటారు?" అని అడగడం అలవాటు చేసుకున్నాను. బస్సులోనా, మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడా, రాత్రి నిద్ర పట్టనప్పుడా? ఆ మనిషి జవాబుని బట్టి నేను వెళ్లే బీరువా మారిపోయేది. మీకూ అదే లెక్కన చెబుతాను. పేరున్నవి నాలుగు చెప్పి ఊరుకుంటే అవి కూడా మీ 'వేయిపడగలు' పక్కనే చేరతాయి.

భార్య పోయిన నెల రోజులకి మా లైబ్రరీకి ఒక పెద్దాయన వచ్చారు. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. నేను బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' చేతికిచ్చాను. మనిషి లోపలి దిగులుని అంత లోతుగా తవ్విన నవలలు మనకి తక్కువని నా నమ్మకం, ఇప్పటికీ అదే అంటాను. ఆయన రెండో రోజే దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇంత ఆలోచన నావల్ల కాదమ్మా" అన్నారు. నాకు మొహం చెల్లలేదు. అప్పుడు సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' ఇచ్చాను. ఆయన దాన్ని ఇంటికి తీసుకెళ్లలేదు. వరండాలో చెక్క బెంచీ మీద కూర్చుని ఒక్క కథ చదివేవారు. అయ్యాక పుస్తకం మూసి, కాసేపు రోడ్డుకేసి చూసి, నాకు అప్పగించి వెళ్లిపోయేవారు. రోజూ సాయంత్రం నాలుగున్నరకి. వంద కథలు. సెలవు రోజులు పోను అవి పూర్తవడానికి నాలుగు నెలలు పైగా పట్టింది. ఆఖరి కథ అయిన రోజు మాత్రం "ఇంకేమున్నాయి?" అని బీరువాల దాకా ఆయనే నడిచొచ్చారు.

మీకు కూడా మొదట అదే చెబుతున్నాను. ఒక్కో కథ మూడు నాలుగు పేజీలకి మించదు. మీరు రెండు పేజీలు దాటలేకపోతున్నానన్నారు కదా, ఇక్కడ రెండు పేజీలకే కథ సగం దాటిపోతుంది. పక్కన బాపు బొమ్మలుంటాయి, చదవబుద్ధి కాని రోజు బొమ్మ చూసి మూసేయొచ్చు. పైగా అమరావతి మీకు దూరం ఊరేం కాదు. కృష్ణ ఒడ్డు, గుడి, పడవలు, ఆ ఊరి మనుషులు. తెలిసిన చోటు కనుక ఊహించుకోవడానికి కష్టపడక్కర్లేదు. ఈ పుస్తకానికి 1979లో రాష్ట్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, కానీ మీకు చెప్పడానికి కారణం అది కాదు. ఇందులో కథలు మెల్లగా నడుస్తాయి. దుఃఖంలో ఉన్న మనిషి నడక కూడా మెల్లగానే ఉంటుంది.

రాత్రి రెండింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోతే, ఇస్మాయిల్ 'చెట్టు నా ఆదర్శం' మంచం పక్కన పెట్టుకోండి. కాకినాడలో ఉండి రాసిన కవి. చాలావరకు చిన్న చిన్న కవితలు. చెట్టు, నది, పక్షి, ఎండ. ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. దీపం వేసి ఒకటి చదివి మళ్లీ ఆర్పేయొచ్చు.

ఇప్పుడప్పుడే వద్దనేవి కూడా చెప్పాలి. నామిని 'పచ్చనాకు సాక్షిగా' నాకు ప్రాణం. చిత్తూరు జిల్లా పల్లెలో ఆయన బాల్యం, ఆ మాట తీరు, ఆ ఇంటి లేమి, ఆ ప్రేమ. కానీ ఆ పుస్తకం నిండా వాళ్లమ్మే ఉంటుంది. ఒక ఏడాది ఆగండి. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' కూడా ఈ ఏడాది మీ గడప తొక్కనివ్వకండి. మీకే కాదు, మీ అబ్బాయికి కూడా. ఆ సంగతి కిందికొచ్చాక చెబుతాను.

ఎండాకాలం నాటికి నవల చదవగలననిపిస్తే అప్పుడు 'వనవాసి' పట్టుకోండి. బెంగాలీలో బిభూతిభూషణ్ బందోపాధ్యాయ రాసిన 'ఆరణ్యక్'కి సూరంపూడి సీతారాం చేసిన తెలుగు అనువాదం. కలకత్తాలో ఉద్యోగం దొరక్క తిరుగుతున్న ఒక యువకుడు బీహార్ అడవుల్లో ఎస్టేటు మేనేజరుగా వెళ్తాడు. మొదట్లో ఆ నిశ్శబ్దం భరించలేక పారిపోవాలనుకుంటాడు. మెల్లగా అడవి అతన్ని పట్టేసుకుంటుంది. అయితే అతని ఉద్యోగమే ఆ అడవిని ముక్కలు చేసి రైతులకి కౌలుకివ్వడం. తను ప్రేమించినదాన్ని తన చేత్తోనే పోగొట్టుకోవాలి. అందులో యుగళప్రసాద్ అని ఒకడుంటాడు. ఎక్కడెక్కడి నుంచో పూలమొక్కలు, విత్తనాలు తెచ్చి అడవిలో నాటుతుంటాడు. ఎవరూ నాటమనలేదు, ఎవరూ చూడరు, వాడికి పైసా రాదు. నేను దిగులుగా ఉన్న రోజుల్లో ఆ యుగళప్రసాద్ పేజీలు మాత్రమే వెతుక్కుని చదివిన సందర్భాలున్నాయి.

ఇక మీ అత్తగారు, పాప. వీళ్లిద్దరికీ విడివిడిగా కొనకండి, కలిపి కొనండి. ఒకరికి కళ్లు కావాలి, ఇంకొకరికి నాలుక తిరగాలి. ఇద్దరినీ ఒక మంచం మీద కూర్చోబెడితే రెండు పనులూ అవుతాయి.

దానికి ముళ్లపూడి వెంకటరమణ 'బుడుగు'ని మించింది నాకు తెలీదు. పాప తెలుగులో తడబడేది చాలావరకు పుస్తకాల భాష దగ్గర. ఆ భాష ఇంట్లో ఎవరూ మాట్లాడరు, ఇక దానికి ఎలా అలవాటవుతుంది? బుడుగు అలా కాదు. పిల్లాడు ఎలా మాట్లాడతాడో అలాగే అచ్చులో ఉంటుంది. లోపల చదువుకుంటే మొదటి పేజీ కాస్త వింతగా తోస్తుంది, పైకి చదివితే మాత్రం అర్థం ఠక్కున తడుతుంది. పాప 'సీగానపెసూనాంబ' అనే పేరు దగ్గర ఆగిపోతుంది చూడండి, అత్తగారు నవ్వుతూ అందిస్తారు. 'రెండుజెళ్ల సీత' ఎవరో, 'లావుపాటి పక్కింటి పిన్నిగారి మొగుడు' ఎవరో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. రోజుకి పది నిమిషాలు, అన్నాలయ్యాక. మార్కులు, తప్పులు లెక్కపెట్టడం, మధ్యలో ఆపి అర్థాలు అడగడం ఏవీ వద్దు. తప్పు చదివితే నాయనమ్మ దిద్దుతుంది. ఆవిడ దిద్దకపోయినా నష్టం లేదు.

బుడుగు అయిపోయాక రెండు అనువాదాలున్నాయి. 'రైలుబడి' అని, జపాన్‌లో పాత రైలుపెట్టెల్లో నడిపిన ఒక బడి కథ. ఆ బడిలో చదువుకున్న తెత్సుకో కురోయనాగి పెద్దయ్యాక రాసుకున్న జ్ఞాపకాలు. అధ్యాయాలు చిన్నచిన్నవి. ఒక బడిలో నుంచి పంపించేసిన అల్లరి పిల్ల, కొత్త బడిలో హెడ్మాస్టరు ఎదురుగా కూర్చుని గంటల తరబడి కబుర్లు చెబుతుంది, ఆయన విసుక్కోకుండా వింటాడు. ఏడో తరగతి పిల్ల ఆ ఒక్క ఘట్టం చదివితే చాలు, పుస్తకం వదలదు. రెండోది 'నాన్నారి చిన్నతనం', రష్యన్ పుస్తకం. మీ తరంవాళ్లకి సోవియట్ పుస్తకాల గురించి చెప్పక్కర్లేదు, నున్నటి కాగితం, తక్కువ ధర. అలాంటివాటిని ఇప్పుడు మళ్లీ వేస్తున్నారు. పండగలో 'మంచి పుస్తకం' వాళ్ల స్టాల్ కనిపిస్తే పాపని అక్కడ వదిలేసి పావుగంట దూరంగా ఉండండి. తనంతట తను ఎంచుకున్నది ఏదైనా సరే, బొమ్మలదైనా సరే, కొనిపెట్టండి.

అత్తగారికి విడిగా ఒకటి చెప్పాలి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథలు. ఆవిడది రామచంద్రపురం పక్క అన్నారు కనుక మరీ మరీ చెబుతున్నాను. ఆ గోదావరి జిల్లా మాట, ఆ దీర్ఘాలు, ఆ ఎత్తిపొడుపులు ఆవిడ పుట్టింటి అరుగు మీద విన్నవే అయి ఉంటాయి. ఈ కథల్ని చెవితో వినాలి. 'వడ్లగింజలు' పెద్ద కథ, నాలుగు రాత్రులు వస్తుంది. చదరంగంలో మేటి అయిన ఒక పేద బ్రాహ్మడు పెద్దాపురం మహారాజుగారి దర్శనానికి పడే అవస్థ. పాప చదవలేదు కానీ మీరు చదివి వినిపించగలరు. మీ గొంతుకీ కాస్త పని ఉంటుంది, లోపల చదువుకున్నప్పటిలా మనసు రెండో పేజీలోనే ఎక్కడికో పోదు. పైకి చదవడంలో ఆ మేలు ఉంది, నేను స్వయంగా చూశాను. ఎవరికీ తీరిక లేని రోజున ఫోన్‌లో 'దాసుభాషితం' లాంటి యాప్‌లో తెలుగు పుస్తకాలు వినిపించొచ్చు.

ఆవిడ పాత సీరియల్ నవలల్ని తక్కువ చేయకండి. యద్దనపూడి సులోచనారాణి నవల మళ్లీ వినాలని ఉందంటే అదే తెండి. ఒకప్పుడు లైబ్రరీలో ఆ నవలలకి ఉన్నంత క్యూ ఇంక దేనికీ లేదు. అట్టలు ఊడిపోతే మైదా జిగురు కాచి అంటించేవాళ్లం. వాటితో చదవడం అలవాటైన ఆడవాళ్లే కదా, ఆ తర్వాత రంగనాయకమ్మనీ వోల్గానీ అడిగి మరీ పట్టుకెళ్లారు.

మీవారి సంగతి కాస్త జాగ్రత్తగా చెప్పాలి. రోజంతా డాక్టర్ల గదుల బయట నిలబడి, నవ్వు మొహం పెట్టుకుని, రాత్రి ఇంటికొచ్చే మనిషికి "ఫోన్ పక్కన పెట్టి పుస్తకం చదవండి" అని చెబితే అది ఇంకో టార్గెట్ లాగే వినపడుతుంది. ఆ మాట అనకండి. మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిష్టర్ పార్వతీశం' మొదటి భాగం కొని, అన్నం తినే బల్ల మీద ఊరికే వదిలేయండి. వందేళ్ల నాటి పుస్తకం. మొగల్తూరు కుర్రాడు ఎవరికీ చెప్పకుండా బారిష్టరు చదువుకి ఇంగ్లండు బయల్దేరతాడు. దొరల దేశం వెళ్తున్నాను కదా అని మద్రాసులో టోపీ కొంటాడు, అది ఆడవాళ్ల టోపీ. అతను మాత్రం ఎంతో హుందాగా పెట్టుకుని రైలెక్కుతాడు. అక్కడి నుంచి ఓ నాలుగు పేజీలు మీరు పాపకి పైకి చదివి వినిపించండి, ఆయన పక్కన ఉండగా. ఆ తర్వాత ఆయన చేతిలోకి పుస్తకం వెళ్తుందో లేదో చూడండి. మనసు అలిసిన మనిషికి ముందు నవ్వు కావాలి. రెండు, మూడు భాగాలు తర్వాత అవసరమైతే కొనొచ్చు, మొదటిది చాలు.

ఆయనకే ఇంకోటి, ఇది చాలామందికి తట్టదు. డాక్టర్ సోమరాజు సుశీల 'చిన్న పరిశ్రమలు - పెద్ద కథలు'. ఆవిడ కెమిస్ట్రీలో డాక్టరేట్ చేసి, హైదరాబాద్‌లో సొంతంగా చిన్న పరిశ్రమ నడిపిన మనిషి. ఆర్డర్లు, బాకీలు, ఆఫీసుల చుట్టూ తిరగడం, పనివాళ్లు. మార్కెట్లో తిరిగే మనిషి ఆ పుస్తకంలో తన రోజుని చూసుకుంటాడు, చూసుకుని నవ్వుకుంటాడు కూడా. ఆవిడదే 'ఇల్లేరమ్మ కతలు' ఉంది, చిన్నప్పటి అల్లరి. అది ఇంటిల్లిపాదికీ. మీరు అడిగిన "అందరూ చదవగలిగే పుస్తకం" ఒక్కటి చెప్పమని గట్టిగా పట్టుబడితే, మీ ఇంటికి నేను ఇదే చెబుతాను.

అబ్బాయి దగ్గరికి వద్దాం. 8 నెలలుగా ఉద్యోగం లేని కుర్రాడికి మన చుట్టాలందరూ కొనిచ్చేది ఒకటే రకం: విజయానికి మెట్లు, లక్ష్య సాధన, గెలుపు సూత్రాలు. మీరు కొనకండి. వాడు ఆ అట్ట చూడగానే తనలో ఏదో లోపం ఉందని ఇంట్లోవాళ్లు కూడా తేల్చేశారనుకుంటాడు. 'అసమర్థుని జీవయాత్ర' ఎందుకు వద్దన్నానంటే, గోపీచంద్ అందులో సీతారామారావు అనే మనిషి అడుగడుగునా కుంగిపోవడాన్ని అంత నిర్దయగా, అంత నిజంగా చూపించారు. నిలదొక్కుకున్నాక చదవాల్సిన గొప్ప నవల. తలుపేసుకుని కూర్చున్నవాడి చేతికి ఇవ్వాల్సింది కాదు.

వాడికి డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' ఇవ్వండి. చిన్న నవల, ఒక రాత్రిలో చదివేయొచ్చు. కథ జరిగేది కూడా దాదాపు ఒక రాత్రే. ఒక ముసలివాడు తప్పిపోయిన సూడి పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్తాడు. అది అక్కడే ఈనుతుంది. దాన్నీ పిల్లల్నీ నక్కల బారి నుంచి తెల్లవార్లూ కాపాడటానికి ఒంటరిగా పెనుగులాడతాడు. అంతే కథ. నీతులు లేవు. చీకటి, చప్పుళ్లు, చేతిలో ఈటె. గెలిచాడా ఓడాడా అని వాడే ఆలోచించుకుంటాడు. రాసిన ఆయన నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేశారు. ఆ తర్వాత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' ఇవ్వొచ్చు. కరువులో గొర్రెల మందల్ని తోలుకుని నల్లమల కొండలెక్కే కాపరుల నవల, 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది. సినిమాగా వచ్చింది కాబట్టి పేరు విని ఉంటాడు, అది ఒక దారి.

తెనాలి కుర్రాడు కాబట్టి ఇంకొక్క మాట. ఎస్. నటరాజన్ అని ఒక తమిళ కుర్రాడు చిన్నతనంలోనే మీ ఊరొచ్చి, హోటళ్లలో సర్వరుగా పనిచేశాడు. తెలుగు అతని సొంత భాష కాదు. పనిచేస్తూనే నేర్చుకున్నాడు, పుస్తకాలు సంపాదించి చదివాడు, 'శారద' అనే పేరుతో తెలుగులో కథలు, నవలలు రాశాడు. 'మంచీ చెడూ', 'అపస్వరాలు', 'ఏది సత్యం' అతనివే. ముప్పై దాటీ దాటకముందే, 1955లో చనిపోయాడు. అతని స్నేహితుడు ఆలూరి భుజంగరావు 'సాహిత్య బాటసారి శారద' అని ఆ జ్ఞాపకాలు రాశారు. కష్టపడితే పైకొస్తారని చెప్పే కథ కాదది, శారద పైకి రాలేదు, బీదరికంలోనే పోయాడు. కానీ తన కాలం వృథా అయిపోతోందని బాధపడే కుర్రాడికి, తను రోజూ నడిచే వీధుల్లోనే ఒకడు ప్లేట్లు కడుగుతూ ఏం చేశాడో తెలియడం మంచిది. మీరు చెప్పకండి. పుస్తకం వాడి గదిలో పెట్టి, "మన ఊరి మనిషట" అని మాత్రం అనండి.

డాలస్‌వాళ్లకి. తమ్ముడికి వంశీ 'మా పసలపూడి కథలు' పంపితే సంతోషిస్తాడు, ఊరి మీద బెంగ ఉన్నవాళ్లకి అది పండగ భోజనం. అయితే మరదలికి కూడా అదే చాలనుకోకండి. గోదావరి మాటతో రాసిన పుస్తకాలు ఇన్ని వచ్చాయి కాబట్టి తెలుగు పుస్తకమంటే అవే అనుకోవడం మనవైపువాళ్లకి అలవాటైపోయింది. కరీంనగర్ అమ్మాయికి తన మాట అచ్చులో చూసుకోవాలని ఉండదా? పెద్దింటి అశోక్‌కుమార్ 'జిగిరి' పంపండి, ఆ పక్క రచయితే. ఎలుగుబంటిని ఆడించి బతికే ఒక కుటుంబం, ఆ ఎలుగుని వదిలించుకోవాల్సి వచ్చేసరికి తండ్రికీ కొడుక్కీ మధ్య వచ్చే గొడవ. చదివాక రెండ్రోజులు మనసు మనసులో ఉండదు. నిజాం కాలపు తెలంగాణ తెలియాలంటే దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు'. మీ తమ్ముడు కూడా చదవాలి ఇవి రెండూ, ఆవిడ ఊరి సంగతి అతనికి తెలియొద్దూ?

డబ్బు సంగతి. ఎడిషన్‌ని బట్టి ధరలు మారతాయి కాబట్టి లెక్క కట్టి చెప్పలేను. ఇవన్నీ ఒకేసారి కొనకండి కూడా. 'అమరావతి కథలు', 'బుడుగు', 'బారిష్టర్ పార్వతీశం', 'అతడు అడవిని జయించాడు', 'ఇల్లేరమ్మ కతలు' ముందు తీసుకోండి. డాలస్‌వి తమ్ముడి డబ్బుతోనే కొనండి, మొహమాటపడకండి. కనీసం 1,000 రూపాయలు మాత్రం ముట్టుకోకుండా ఉంచి, పండగలో ఒక్కొక్కరి చేతిలో కొంత పెట్టి "మీకు నచ్చింది తెచ్చుకోండి" అనండి. నేను చెప్పినవన్నీ పక్కన పడేసి, అలా తెచ్చుకున్నదే వాళ్లు చదివితే నాకు సంతోషమే. మిగతావి మీ ఊరి శాఖా గ్రంథాలయంలో అడగండి. సభ్యత్వానికి కట్టే డిపాజిట్ చాలా తక్కువ, లేని పుస్తకం తెప్పించమని రాసివ్వొచ్చు కూడా. ఎవరూ రాసివ్వరు కాబట్టే చాలా పుస్తకాలు రావు.

'వేయిపడగలు' విషయంలో బాధపడకండి. విశ్వనాథ సత్యనారాయణ 1934లో దాన్ని 29 రోజుల్లో చెప్పి రాయించారంటారు. చదవడానికి మనకి అంతకన్నా ఎక్కువే పడుతుంది. పి.వి. నరసింహారావు అంతటివారు కూర్చుని 'సహస్రఫణ్' పేరుతో హిందీ చేశారు. దానికి తీరిక, స్థిమితం, పాతకాలపు మాటల మీద ఇష్టం మూడూ కుదరాలి. మీకు ఎప్పుడో కుదురుతుంది. లేదంటే మీ పాపకి కుదురుతుంది. పుస్తకం బీరువాలో ఉండటం తప్పేమీ కాదు.

ఇక మీ అమ్మగారి పెట్టెలో పుస్తకం.

'కాలాతీత వ్యక్తులు' డాక్టర్ పి. శ్రీదేవి రాసిన నవల. 1957-58లో 'తెలుగు స్వతంత్ర' పత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఆవిడ కూడా చిన్న వయసులోనే, 1961లో పోయారు. అందులో ఇందిర అని ఒక అమ్మాయి ఉంటుంది. విశాఖపట్నం, చిన్న ఉద్యోగం, ఇంటి బరువంతా తన మీదే. ఎవరి జాలీ అడగదు, తన తప్పుని కప్పిపుచ్చుకోదు, బతకాలని గట్టిగా కోరుకుంటుంది. మంచమ్మాయి కాదని అప్పట్లో చాలామంది ముఖం చిట్లించుకుని ఉంటారు. మీ అమ్మగారి వయసు ఆడవాళ్లు ఎంతమంది నా దగ్గర ఆ పుస్తకం రెండోసారి, మూడోసారి రాయించుకుని పట్టుకెళ్లారో. ఎందుకు మళ్లీ అని అడిగితే ఒకావిడ "ఇందిరని చూసి రావాలనిపించింది" అన్నారు, చెల్లెలి ఊరెళ్తున్నట్టు. కనుక ఆ టికెట్ దగ్గర మీ అమ్మగారు మొదటిసారి ఆగిపోయారో, ఎన్నోసారి చదువుతూ ఆగారో మీకు తెలీదు కదా.

ఇప్పుడే చదవక్కర్లేదు. మీకు చదవాలనిపించిన రోజున టికెట్ దగ్గర నుంచి కాకుండా మొదటి పేజీ నుంచి మొదలుపెట్టండి. టికెట్ ఉన్న పేజీ వచ్చినప్పుడు దాన్ని తియ్యకుండా, అలాగే ఉంచి పేజీ తిప్పండి. ఆ టికెట్ మీద సిరా వెలిసిపోతుంది, అందుకని తేదీ, ఊరి పేరు ఏమున్నాయో ఇప్పుడే వేరే కాగితం మీద రాసుకుని, ఆ కాగితం వెనక అట్ట లోపల పెట్టండి.

పెట్టెలో ఉంచితే చెమ్మ పడుతుంది. బయటికి తీసి, ఎండలో కాకుండా నీడన ఒక పూట గాలికి పెట్టి, మెత్తటి గుడ్డతో తుడవండి. నాలుగు ఎండిన వేపాకు రెమ్మలు పలచటి గుడ్డలో కట్టి, పుస్తకం లోపల కాకుండా పక్కన పెట్టండి. ఆరు నెలలకోసారి మారిస్తే పురుగు రాదు.